వీపు మీది మచ్చ

అత్తగారి ఆపరేషన్ అయిన మోకాలికి మందు రాసి, కాలిని ఇరవై సార్లు వంచి చాపించడంతో ఆమెకు తెల్లవారేది. భర్త మెడ మీద సెగగడ్డ లేచిన రోజున ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ ఆయన్ను డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. ఇంట్లో ఎవరి ఒంటి మీద ఎక్కడ ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. తన వీపే తనకు కనపడదు. అందుకే కుడి రెక్క ఎముక కింద దురద మొదలైన కొత్తలో భర్తనే అడిగింది.

"కాస్త చూడండి, అక్కడేదో చేతికి తగులుతోంది."

"ఏముంటుంది, పుట్టుమచ్చేగా. ఎప్పట్లాగే ఉంది."

నమ్మింది. మనసు తేలికపడింది కూడా. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. నాలుగోసారి మాత్రం విసుక్కున్నాడు. "పనులన్నీ మానుకుని నీ వీపు చూస్తూ కూర్చోమంటావా?" తనదే అతి అనుకుని సిగ్గుపడింది. అడగడం మానేసింది.

ఫ్యాక్టరీలో ఆమెది కుట్టిన చొక్కాలు తనిఖీ చేసే పని. ఒక మధ్యాహ్నం పక్క బల్ల అమ్మాయి, "అక్కా, నీ జాకెట్టుకి రక్తం!" అంటూ బాత్రూములోకి తీసుకెళ్ళి చూసింది.

"ఇది మామూలు మచ్చలా లేదక్కా. ఒకవైపు గుండ్రంగా ఉంది, ఇంకోవైపు చిరిగిన గుడ్డలా ఉంది. కొంత నలుపు, కొంత గోధుమరంగు, మధ్యలో ఎరుపు. ఇవాళే చూపించుకో."

ఆ సాయంత్రం చర్మం డాక్టరు దగ్గరకు భర్త కూడా వచ్చాడు. డాక్టరమ్మ మచ్చ మీద భూతద్దం ఆనించి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి మారుతోందమ్మా ఇది?"

ఆమెను ఎవరేం అడిగినా జవాబు ఆయనే చెప్పడం పెళ్ళైన నాటి నుంచీ అలవాటు. ఆ అలవాటే ఆయన్ను పట్టిచ్చింది.

"ఎనిమిది నెలలండీ. మొదట మిరియపు గింజంత, గుండ్రంగా ఉండేది. రెండు నెలలకి ఒక అంచు వంకర తిరిగింది. తర్వాత నల్లబడింది. ఇప్పుడు చొక్కా గుండీ అంతయింది. రెండుసార్లు దుప్పటికి రక్తం కూడా అంటింది."

గోడ వైపు తిరిగి కూర్చున్న ఆమె ఒక్కో మాటా వింది. ఈ మనిషి చూడలేదేమో, చూసినా తెలియలేదేమో అని దారంతా ఆయన తరఫున తనే వకాల్తా పుచ్చుకుంది. చూశాడు. నెలనెలా చూశాడు. చూసి దుప్పటి కప్పాడు.

"క్యాన్సరేమోనని అనుమానంగా ఉందమ్మా. కోసి పరీక్షకి పంపితేగాని ఎంత లోతుందో చెప్పలేను," అంది డాక్టరమ్మ. "మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, రంగు మారినా, పెరిగినా, వెంటనే రావాలి. ఎందుకాగారు ఇన్నాళ్ళు?"

ఈ ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు చెప్పలేదు.

బయట బల్ల మీద కూర్చున్నాక ఆమె అడిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు అమ్మ ఆపరేషన్ ముందుంది. నువ్వు కూడా మంచం ఎక్కితే ఆవిణ్ణి ఎవరు చూస్తారు? అది అయ్యాక చూద్దాంలే అనుకున్నాను."

"అదయి ఐదు నెలలైంది."

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "తర్వాత నువ్వూ అడగడం మానేశావుగా."

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ మనిషి వైపు వీపు పెట్టి నిశ్చింతగా నిద్రపోయిందో ఆ మనిషిని ఒకసారి తేరిపార చూసింది. అంతే.

నర్సు తలుపు తీసి పేరు పిలిచింది. "కోత చిన్నదే, పావుగంట పని. మీకు తోడుగా వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి."

ఆయన లేచాడు.

"నాతో ఎవరూ రాలేదు," అంది ఆమె. "సంతకం నేనే పెడతాను." లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.