కిక్కురుమనని కారు

మా ఆయన చేతికి స్క్రూడ్రైవరు దొరికిందంటే ఇంట్లో ఏదో ఒకటి మూగబోవాల్సిందే. కాలింగ్ బెల్లు అలాగే పోయింది. "సౌండు తక్కువగా వస్తోంది, సరిచేస్తా" అన్నారు. అప్పట్నుంచీ మా ఇంటికి వచ్చినవాళ్లు తలుపు దబదబా బాదుతున్నారు. మిక్సీ సంగతి నేనెత్తను, ఎత్తితే ఒళ్లు మండుతుంది. అలాంటి మనిషి కన్ను చివరికి కారు స్టీరియో మీద పడింది. అదీ ఎప్పుడు? తెల్లారితే నాకు డ్రైవింగ్ టెస్టనగా!

అప్పటికే రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ రివర్సు దగ్గరే. మా కారుకి నోరెక్కువ. బెల్టు పెట్టుకోకపోతే కుయ్. తలుపు సరిగ్గా పడకపోతే కుయ్. వెనక్కి తీస్తూ దేనికైనా దగ్గరగా వెళ్తే కుయ్ కుయ్ కుయ్. నేను డ్రైవింగ్ నేర్చుకుందే ఆ అరుపుల్ని నమ్ముకుని. అది అరిస్తే ఆగేదాన్ని, అరవకపోతే పోయేదాన్ని. టెస్టులో మాత్రం అది గొంతెత్తగానే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. పక్కసీట్లో ఫోను చూసుకుంటున్న ఆఫీసరు ఆ గోలకి తలెత్తి, "దిగమ్మా" అనేవాడు.

మూడోసారి కూడా తప్పితే ఇక కారు ముట్టుకోకూడదని మా ఆయన తీర్మానం. పాసైతే మాత్రం కారు తాళాలు నావే, అది నేను ఒప్పించుకున్నాను. తాళాల మీద మోజుతో కాదు. ఊరికి ఆ చివర కళ్లజోళ్ల షాపులో నా ఉద్యోగం. పొద్దున దింపేదీ, సాయంత్రం తీసుకొచ్చేదీ ఆయనే. షట్టరు దించేశాక ఫోన్ చేస్తే "ఇదిగో, వస్తున్నా" అంటారు. ఆ "ఇదిగో" ఎంత పొడుగుంటుందో ఆయనకే తెలీదు. ఎదురుగా మందులషాపతను జాలిపడి నాకో స్టూలు వేస్తాడు. ఇంత వయసొచ్చాక, స్కూలు వదిలాక నాన్న కోసం చూసే పిల్లలా రోడ్డు పక్కన స్టూలు మీద కూర్చోవడం నాకు చచ్చేంత నామోషీ.

"ఏవండీ, రేపు టెస్టు పెట్టుకుని ఇవాళ దాన్ని విప్పకపోతే ఏం?" అన్నాను.

"పాతదాంట్లో మ్యాపు రాదు, ఏమీ రాదు. ఈ పెద్ద స్క్రీను పెట్టేస్తే రేపు దర్జాగా వెళ్లొచ్చు. అరగంట పని."

ఆయనగారి అరగంటలు నాకు తెలుసు. పైగా స్క్రీను కొన్నప్పుడు షాపులో నేనూ పక్కనే ఉన్నాను. షాపతను పాపం చెప్పబోయాడు. "సార్, మీ కారులో కంపెనీవాళ్లే ప్రీమియం సౌండ్ సిస్టమ్ పెట్టారు. పది స్పీకర్లు, సీటు కింద విడిగా యాంప్లిఫయరు. మామూలు కారుకి బిగించినట్టు బిగిస్తే కుదరదు. మధ్యలో ఒక అడాప్టరు డబ్బా పడాలి. అది లేకపోతే కారులో..."

"లేకపోతే ఏమీ కాదులే. నాకా చెప్తున్నావ్?" అని మా ఆయన ఆ మాటని అక్కడే తుంచేశారు.

ఇంటి ముందు కారు తలుపులన్నీ బార్లా తెరిచి పని మొదలెట్టారు. టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం నాది. మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని వ్యాఖ్యానం చెప్పే ఉద్యోగం మా వదినది. వదినంటే ఆయన అక్కయ్య. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యింది, మా మేడ మీద వాటాలో ఉంటుంది. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే.

డాష్‌బోర్డు అంచు పట్టుకుని లాగగానే క్లిప్పు ఒకటి టప్‌మని విరిగింది. "అదంత ముఖ్యం కాదు" అన్నారు. ఇంకోటి విరిగింది. దాని గురించి ఏమీ అనలేదు. పాత స్టీరియో ఊడదీసి, దాని వెనకాల వేలాడే తీగల గుత్తిని కొత్తదానికి కలిపి, తాళం తిప్పారు. స్క్రీను ధగధగా వెలిగింది. మ్యాపులో మా వీధి కనపడింది, మా ఇల్లు కనపడింది. పాట పెడితే స్క్రీను మీద గీతలు ఎగిరెగిరి పడుతున్నాయిగానీ శబ్దం లేదు. వాల్యూం పెంచారు. ఇంకా పెంచారు. ఊహూఁ.

"ఏంట్రా, అది పాట వినడానికా, చూడ్డానికా?" అంది వదిన.

"ఉండక్కా! యాంప్లిఫయరు నిద్రలేవలేదు. దాన్ని లేపే తీగ ఒకటుంటుంది" అంటూ ఆయన సీటు కింద దూరారు. బయటికి కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. కాసేపు గొణుక్కున్నారు, కాసేపు తిట్టుకున్నారు. ఆఖరికి నీలం తీగ ఏదో దొరికినట్టుంది, దాన్ని కలిపారు. వాల్యూం పైదాకా తిప్పి వదిలేశామన్న సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు. పది స్పీకర్లూ ఒక్కసారి గొంతు చించుకున్నాయి. నా చేతిలో టార్చి ఎగిరి అవతల పడింది. ఆయన ఉలిక్కిపడి లేవబోతే సీటు ఇనుము నెత్తికి ఠంగుమని తగిలింది.

"చూశావా దెబ్బ!" అన్నారు బయటికొచ్చి, తల రుద్దుకుంటూనే గర్వంగా.

"కనపడుతూనే ఉందిరా, బొప్పి కట్టింది" అంది వదిన.

పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. టెస్టయ్యేదాకా నాకు తాళాలు లేవు కాబట్టి ఆయనే నడిపారు. నేనూ వదినా వెనక కూర్చున్నాం. ముందుసీట్లో నా బ్యాగు పెట్టాను. మా కారు సంగతి తెలుసుగా, సీటు మీద కాస్త బరువు పెడితే చాలు, ఎవరో బెల్టు లేకుండా కూర్చున్నారని కుయ్యోమంటుంది. రోజూ ఆ బ్యాగుకి బెల్టు కట్టాకే కదిలేవాళ్లం. ఇవాళ కట్టడం మర్చిపోయాను. కారు కిక్కురుమనలేదు. మలుపులో ఇండికేటరు వేశారు, టిక్కుటిక్కులు కూడా లేవు. మా ఆయన పాటల హోరులో ఊగుతున్నారు, ఆయనకేమీ పట్టలేదు.

వదిన నా మోచెయ్యి గిల్లింది. "ఏమేవ్, మనవాడు కారు నోరు కుట్టేసినట్టున్నాడే!"

షాపతను చెప్పబోయింది ఇదన్నమాట! ఆ అరుపులన్నీ పాత స్టీరియో నుంచే వచ్చేవి. దాంతోపాటే అవీ పోయాయి. అది అరవకపోతే నేను ఎక్కడ ఆగాలి? ఆయనకి చెబుదామని ముందుకు వంగాను.

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఇదే ఆఖరిసారి, గుర్తుందిగా? ఇవాళ కూడా తప్పావంటే మళ్లీ కారు పేరెత్తకు. అందరికీ అబ్బే విద్య కాదిది."

నేను వెనక్కి వాలి కూర్చున్నాను.

"బెంగపడకే" అంది వదిన నా చెవిలో. "కారుకి నోరు పోయిందిగానీ నీకు మెడ పోలేదుగా. తిప్పు."

టెస్టు మైదానంలో మళ్లీ ఆ ఆఫీసరే, మళ్లీ ఆ ఫోనే. నన్ను చూసి, "వచ్చారా?" అన్నాడు. ఆ "రా" కాస్త సాగింది. ముందుకి నడిపి, మలుపులు తిప్పి, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాను. అదంతా నాకు వచ్చిందే. ఇక రివర్సు. నాలుగు డ్రమ్ముల మధ్యకి కారుని వెనక్కి తీసుకెళ్లి పెట్టాలి.

గేరు వేసి అలవాటు కొద్దీ చెవులు రిక్కించాను. నిశ్శబ్దం. భయమేసింది. సరేనని మెడ తిప్పాను. వెనక అద్దంలోంచి చూశాను, ఈ పక్కా ఆ పక్కా చూశాను. ఊళ్లో అందరికీ దూరపు చూపూ దగ్గర చూపూ సరిచేసి పంపే మనిషిని, నా వెనకేముందో ఇన్నాళ్లూ చెవులకి అప్పజెప్పానేమిటా అనిపించింది. డ్రమ్ము కనపడింది. ఎంత దూరముందో కూడా తెలిసింది. కారు అరవడం లేదు, ఆయన అరవడం లేదు, వదిన కూడా లేదు. స్టీరింగు పట్టుకున్నాక నన్ను ఒక్కదాన్నీ వదిలేసింది అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మెల్లగా, ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లి పెట్టాను.

ఆఫీసరు ఫోనులోంచి తలెత్తాడు. "ఏంటమ్మా, మొదలెట్టలేదా?"

"అయిపోయిందండీ."

నమ్మకం కలగక దిగాడు. కారు చుట్టూ తిరిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా వంగి వంగి చూశాడు. "బాగా పెట్టారే! పాస్" అన్నాడు. నేను ఏడ్చేశాను. సిగ్గేముంది, నిజంగానే ఏడ్చేశాను.

మా ఆయన మాత్రం, "ఈసారి డ్రమ్ములు కాస్త ఎడంగా పెట్టినట్టున్నారు" అన్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "సరే, తాళం ఇలా ఇవ్వు. ఇక్కడంతా ఇరుకు, రోడ్డు దాకా నేను తీస్తా. వెనక్కి తీయాలంటే కాస్త అనుభవం ఉండాలి."

ఒట్టు, కారు మూగబోయిందని అప్పుడైనా చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆ అనుభవం మాట విన్నాక మూసేశాను. వదిన చెట్లకేసి చూస్తూ పెదాలు బిగబట్టింది.

ఆయన పాట పెట్టి, కొత్త మ్యాపు చూసుకుంటూ, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ జోరుగా వెనక్కి తీశారు. ఆఫీసరు టీ తాగడానికి లేచి వెళ్లాడు, నీడలో అతని ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే ఉంది. ఫటేల్‌మంది. దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోయాయి.

"అదేంటి, కుయ్‌మనలేదే?" అన్నారు మా ఆయన దిగి, తెల్లమొహం వేసుకుని.

టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు ఆఫీసరు. "ఏంటయ్యా కుయ్‌మనేది? కుర్చీయా?"

"కారండీ. దగ్గరికొస్తే అరుస్తుంది, అప్పుడు ఆగుతాను."

"అరిస్తేగాని ఆగవా? ఎవడయ్యా నీకు లైసెన్సిచ్చిన మహానుభావుడు?"

మా ఆయన నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నారు. "తమరేనండీ."

ఆఫీసరు కుర్చీ కాళ్లకేసి చూశాడు, నాకేసి చూశాడు. "అమ్మా, ఇంటిదాకా మీరే నడపండి" అని గబగబా వెళ్లిపోయాడు.

నేను చెయ్యి చాచాల్సిన పని కూడా లేకపోయింది. ఆయనే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇటు తిరిగొచ్చి ముందు తలుపు తీయబోయారు.

"వెనక" అన్నాను.

అప్పటికే వెనకసీట్లో కూర్చున్న వదిన కాస్త జరిగి చోటిచ్చింది.