వణుకు తెలిసిన జీను

నేను ఒక గుర్రపు జీనును. నా మీద కూర్చున్నవాళ్ల గుట్టు నాకు తెలిసినంతగా వాళ్ల కన్నతల్లికి కూడా తెలియదు. పైకి తలపాగా, పూలదండ, నవ్వు. కింద తొడల్లో వణుకు. అది నేరుగా వచ్చేది నాకే.

నన్ను గేదె తోలుతో కుట్టించి, అద్దాలూ గజ్జెలూ తగిలించినవాడు చేవెళ్ల జహంగీర్. అతని ఆడగుర్రం చమేలి వీపున ఉండి ఎంతోమంది పెళ్లికొడుకుల్ని ఊరేగించాను. ఫొటోల్లో అందరూ మహారాజులే. "తంతదా?" అని జహంగీర్ చెవిలో అడగని మహారాజును మాత్రం నేను చూడలేదు. డప్పు మోగితే చమేలి నడిచేది, ఆగితే ఆగేది. దాని చదువంతా అంతే.

తరువాత పెళ్లికొడుకులు పైకప్పు తెరుచుకునే కార్లెక్కారు. మేం ఊరి చివర ఒక మైదానానికి చేరాం. భయంతో ముడుచుకుపోయే పిల్లల్ని అక్కడ గుర్రం మీద మెల్లగా తిప్పుతారు, గుండెదడ తగ్గుతుందని.

అలా వచ్చింది తొమ్మిదేళ్ల ప్రణతి. బడి గేటు కనబడితే చాలు, పాతేసినట్టు నిలబడిపోతుందట. పాప సంతోషిస్తుందనుకుని జహంగీర్ నన్ను పెళ్లికి ముస్తాబు చేసినట్టే చేశాడు. గజ్జెలు ఘల్లుమనగానే ఆ పిల్ల పోయి తన తల్లి సుకన్య వెనక దాక్కుంది. మర్నాడు నా అద్దాలూ గజ్జెలూ అన్నీ ఊడబీకాడు. ప్రణతి ఎక్కింది. ఈసారి మొండికేసింది చమేలి.

"ఏందే, బ్యాండు లేకుంటే కాలు తియ్యవా?" అని జహంగీర్ బతిమాలాడు. అది తోక కూడా ఊపలేదు.

"గుర్రం గూడ మా పిల్ల లెక్కనే ఉన్నదన్నా," అంది సుకన్య. "సోమవారం బడి తెరుస్తరు. ఈసారి పోకుంటే పేరు తీసేస్తమన్నరు."

ఆ మాట వినగానే ప్రణతి వేళ్లు నా ముందంచు మీద టకటకమన్నాయి. భయమేస్తే ఆ పిల్లకు అదే అలవాటు.

"ఆ వేళ్లు ఆపమని ఎన్నిసార్లు చెప్పాలె?" తల్లి కసిరింది.

చమేలి చెవులు వెనక్కి తిరిగాయి. అడుగు వేసింది. ప్రణతి ఉలిక్కిపడి వేళ్లు ఆపింది, చమేలీ ఆగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ కదిలింది.

"ఓయమ్మో, బ్యాండు మాస్టరు దొరికింది!" జహంగీర్ పకపకా నవ్వాడు.

సుకన్య గొంతు మారింది. "కొట్టు బిడ్డా. నేనేమనను. కొట్టు."

మైదానం చుట్టి వచ్చేసరికి వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, తొడల్లో వణుకు లేదు. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు.

ఇప్పుడు పాకలో కొయ్యకు వేలాడుతున్నాను. అద్దాలున్న చోట కుట్ల బొక్కలు మిగిలాయి. సోమవారం పొద్దున జహంగీర్ ఫోనులోంచి సుకన్య గొంతు గట్టిగా వినిపించింది.

"గేటు కాడ నిలబడ్డదన్నా. ఇగ అయిపోయిందనుకున్న. సంచి మీద వేళ్లు ఆడిచ్చింది. 'పద చమేలీ' అనుకుంట లోపలికి పోయింది!"

గడ్డి నములుతున్న చమేలి, తన పేరు వినబడి ఒకసారి తలెత్తి చూసింది.