ఎనిమిది దగ్గర ఆగిన గాలి

గాలి ఎనిమిది, ఇందాకా ఎనిమిదే, టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికీ ఎనిమిదే, లారీ బ్రేకులు పట్టేది ఆ గాలితోనే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి కొంచెమైనా దిగాలి కదా, సుంకి ఘాట్ దిగుతున్న లోడు లారీ, పైన వాన, బ్రేకు తొక్కకుండా ఎలా దిగుతాడు అన్నయ్య, అనుకుంటూ భరణి సాలూరు లారీ ఆఫీసులో స్క్రీను మీదికి వంగింది, వేగం ముప్పై అంటోంది, మ్యాపులో చుక్క మాత్రం మలుపు దగ్గరే నిలబడి ఉంది, నడుస్తూ కదలని లారీ ఉంటుందా ఎక్కడైనా, ఫోను చేసింది, మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎత్తడు, ఘాట్‌లో ఫోను ఎత్తనని ఒట్టు వేయించుకున్నది తనే.

సెన్సార్ల మాటను ఆపరేటింగ్ సిస్టమ్‌కి అర్థమయ్యేలా చేరవేసే బ్రిడ్జి డ్రైవర్ అనే ప్రోగ్రాం, తను రాసిందే, ప్రతి లారీ కేబిన్లోనూ చిన్న పెట్టెలో కూర్చుంది, మొదట్లో సెన్సార్ పలకకపోతే అంకె బదులు గీత చూపించేది, బండి అదిరినప్పుడల్లా గీత, షావుకారు జగన్నాధంగారు వచ్చి, గీత కనబడితే డ్రైవర్లు బెదిరిపోయి బండి ఆపేస్తన్నారమ్మా, లోడు ఎప్పుడు సేరతాది, ఏదో ఒక అంకె ఉండేటట్టు సూడు, అన్నాడు, అదెంత పని, సెన్సార్ పలకకపోతే ఆఖరుసారి చెప్పిందే మళ్లీ చెప్పు అని ఒక్క లైను, ఆ తర్వాత అందరూ నిశ్చింత, అప్పలసూరి అన్నయ్య మరీనూ, ఇదివరకు ఘాట్ నెత్తిన బండి ఆపి, ఇంజను కట్టేసి, బ్రేకు తొక్కిపట్టి, గాలి ఎక్కడైనా బుసకొడుతోందేమోనని చెవి పెట్టి వినేవాడు, మీటరు ముల్లు వంక చూసేవాడు, ఇప్పుడు ఆ మీటరే పీకించేశాడు, గాలి తగ్గితే మోగే బజరుతో సహా, మా సెల్లి రాసిందిరా, ఇంకేటి సూడాల, అని తోటి డ్రైవర్ల దగ్గర మురిసిపోయాడు.

పెట్టె బతికే ఉంది, పంపుతూనే ఉంది, అంకెల పక్కన టైము మారుతూనే ఉంది, పలకనిది సెన్సార్లే, అయితే ఎనిమిది అన్నది గాలి కాదు, ముప్పై అన్నది చక్రం కాదు, నోరు పడిపోయిన బండి గొంతుతో తనే మాట్లాడుతోంది, అక్కడ కేబిన్లో అన్నయ్య ముందు కూడా ఇదే ఎనిమిది పచ్చగా వెలుగుతోంది, ట్యాంకులో గాలి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

భరణి ఆ లైను చెరిపేసింది, మార్చిన ప్రోగ్రాంని పెట్టెకి పంపింది, ఏటమ్మా, అంకెలన్నీ ఎటెల్లిపోయాయి, అంటున్నాడు వెనక నుంచి జగన్నాధంగారు, గాలి దగ్గర గీత, వేగం దగ్గర గీత, మ్యాపులో చుక్క లేదు, ఫోను ఇంకా మోగుతోంది, అన్నయ్య స్క్రీను వంక చూడాలి, చూసి గుండె గుభేలుమనాలి, గాలి కాస్తయినా మిగిలుండగానే బండిని కొండ పక్కకి తిప్పి ఆపెయ్యాలి, ఇన్నాళ్లూ ప్రేమకొద్దీ తను అన్నయ్యకి ధైర్యం ఇచ్చింది, ఇవ్వవలసింది భయం.