పదిహేడో నిబంధన

తిరువూరు ఉద్యోగుల కాలనీ సంఘానికి ఒక నియమావళి పుస్తకం ఉంది. అధ్యక్షుడు సీతారామారావు గారు దాన్ని రాజ్యాంగం అంటారు. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఊరికే కూర్చుంటే ఆయనకి చెయ్యి దురద పెడుతుంది, ఒక నిబంధన రాస్తేగానీ తగ్గదు. కుక్కల మీద రాశారు, ముగ్గుల మీద రాశారు. ఇప్పుడు పెళ్ళిళ్ళ మీద పడ్డారు.

అందుకు కారణం ప్రేమావతి ఇంటి మేడ మీద ఉంది. ప్రేమావతి నర్సుగా చేసి రిటైరైంది, సంఘం కమిటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. ఆవిడ మేడ మీద రెండేళ్ళుగా స్నిగ్ధ, లిడియా అనే ఇద్దరమ్మాయిలు అద్దెకుంటున్నారు. స్నిగ్ధకి బస్టాండు దగ్గర రక్తపరీక్షల ల్యాబు ఉంది, లిడియా బళ్ళో లెక్కలు చెబుతుంది. ఒకరంటే ఒకరికి ప్రాణం. చట్టం తమ పెళ్ళిని ఒప్పుకోదని వాళ్ళకీ తెలుసు, అందుకే చట్టాన్ని ఏమీ అడగలేదు. ఆదివారం కాలనీ హాల్లో దండలు మార్చుకుని వందమందికి భోజనం పెడతామని మాత్రం అర్జీ ఇచ్చారు.

"హాలివ్వకపోతే విజయవాడ వెళ్ళిపోతామాంటీ. ఎన్నాళ్ళని దొంగల్లా ఉంటాం?" అంది లిడియా. ఆ మాట విన్నప్పట్నించీ ప్రేమావతికి అన్నం సయించడం లేదు. పొద్దున్నే బాత్రూం కోసం ఆ పిల్లలిద్దరూ పోట్లాడుకోవడం వినబడకపోతే ఆవిడకి తెల్లవారినట్టే ఉండదు.

గురువారం సాయంత్రం మీటింగులో సీతారామారావు గారు లేచి పదిహేడో నిబంధన చదివారు. హాలు ఒక మగ, ఒక ఆడ చేసుకునే పెళ్ళికే ఇవ్వబడును. ఇద్దరిదీ ఒకే మతమై ఉండవలెను. ఇరువైపుల పెద్దల సంతకాలు ఉండవలెను. వయసు, వరస చట్టప్రకారం ఉండవలెను. దీనికి లోబడని జంటలు కాలనీలో అద్దెకు కూడా ఉండరాదు. పైగా తొమ్మిది గళ్ళతో ఒక దరఖాస్తు ఫారం కూడా అచ్చువేయించుకొచ్చారు.

"ఎవరు ఎవరితో బతకాలో చెప్పడానికి మనమెవరమండీ?" అని లేచింది ప్రేమావతి. కోశాధికారి గిరిబాబు ఫోన్ చూసుకుంటున్నాడు, మిగతావాళ్ళు టీ కోసం చూస్తున్నారు. ఇహ చేతులెత్తడమే తరువాయి. ప్రేమావతి చేతిలో ఉన్న ఫారాన్ని అటూ ఇటూ తిప్పింది. తిప్పగానే చిన్న ఆలోచన వచ్చింది.

"సరే సార్. మరి నింపిన నమూనా ఏదండీ? మా డిపార్టుమెంటులో నమూనా లేకపోతే ఫైలు వెనక్కి కొట్టేవాళ్ళు."

సీతారామారావు గారు చొక్కా లేకుండా వీధిలోకి వచ్చినంత సిగ్గుపడ్డారు. నమూనా మర్చిపోవడమా, తను! "నిజమేనమ్మా. నింపాకే ఓటింగు. గిరిబాబూ, నీ పెళ్ళి వివరాలు చెప్పు."

గిరిబాబు చేతిలో ఫోన్ జారింది. "నాదెందుకు సార్? మాది నెమలి అనే ఊళ్ళో, గుళ్ళో అయింది."

"దేవుడి సన్నిధిలో! ఇంకా మంచిది. పెద్దల సంతకాలు?"

"పెద్దలకి చెప్పే ధైర్యముంటే అంతదూరం ఎందుకెళ్తాం సార్? మా మావగారు కర్ర పుచ్చుకుని పెనుగొలను దాకా తరిమారు."

హాలంతా గొల్లున నవ్వింది. పక్కనున్న యేసుదాసు మాస్టారు తనని అడగకముందే చెప్పేశారు. "మా ఆవిడ కార్తీక మాసం ఉపవాసాలుంటుంది, నేను చర్చికెళ్తాను. నా జోలికి రాకండి."

"ఈ కాలనీలో సవ్యమైన పెళ్ళి ఒక్కటీ లేదా? నాదే నింపుతాను!" అని సీతారామారావు గారు కలం తీశారు. మతం ఒకటే. పెద్దల సంతకాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వరస దగ్గర, "అక్క కూతురు" అని పైకే చదువుతూ రాశారు.

"చట్టం పుస్తకంలో ఆ వరస కుదరదు సార్," అంది ప్రేమావతి.

"మనకి ఆచారం ఉందమ్మా! ఆచారం ఉంటే చట్టం ఒప్పుకుంటుంది."

"అంటే ముందు జనం ఒప్పుకుంటే, చట్టం వెనకాల వస్తుందన్నమాట."

ఆయన విననట్టు తర్వాతి గడికి వెళ్ళారు. వధువు వయసు. అక్కడ కలం ఆగిపోయింది.

"పదిహేను," అని వెనక వరసలోంచి ఒక గొంతు వినబడింది. "పదో తరగతి పరీక్ష కూడా రాయనివ్వలేదు."

ఆయన భార్య సరోజినీదేవి. ప్రతి మీటింగుకీ వస్తుంది, ఏనాడూ నోరు విప్పదు. లేచి వచ్చి ఫారం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తొమ్మిది గళ్ళూ తాపీగా చదివింది.

"మావయ్యా," అంది. ఆవిడకి మొగుణ్ణి ఇంకోలా పిలవడం అలవాటు కాలేదు. "ఇందులో మా అమ్మ సంతకానికి గడి ఉంది, మా నాన్న సంతకానికి ఉంది, పురోహితుడి సంతకానికి కూడా ఉంది. నా ఇష్టానికి గడి ఏదీ?"

సీతారామారావు గారు కలం బల్ల మీద పెట్టేశారు.

"నిన్నప్పుడు ఎవరూ అడగలేదు కదే," అన్నారాయన మెల్లగా.

"అదే అంటున్నా."

ఆయన్ని ఇరికించాలనే ఆ నమూనా మాట ఎత్తింది ప్రేమావతి. ఇప్పుడు ఆవిడకే కళ్ళు చెమర్చాయి, ఆయన మీద జాలి కూడా వేసింది. అయినా పనిలో పని, తడుముకోకుండా తీర్మానం చెప్పేసింది. నిబంధనలో షరతులన్నీ తీసేసి, ఫారంలో ఒకటే గడి ఉంచాలి: ఇద్దరికీ ఇష్టమేనా? చేతులన్నీ లేచాయి. సీతారామారావు గారు చెయ్యి ఎత్తలేదు, కాదనీ అనలేదు. స్కేలు పెట్టి తొమ్మిది గళ్ళూ తిన్నగా కొట్టేశారు.

ఆదివారం హాల్లో దండలు మారాయి. మొదటి ఫారంలో స్నిగ్ధ, లిడియా చెరొకసారి "ఇష్టమే" అని రాశారు. రెడ్డిగూడెం మామిడికాయలతో పప్పు చేయించిన ప్రేమావతి, పంక్తిలో నెయ్యి వడ్డిస్తూ సరోజినీదేవి దగ్గర ఆగింది. అప్పుడే సీతారామారావు గారు అక్కడికొచ్చి, జేబులోంచి మడతపెట్టిన ఫారం తీసి భార్య ఆకు పక్కన పెట్టారు. కలం మూత తీసి మరీ అందించారు.

"నలభై ఆరేళ్ళు ఆలస్యమైంది. నింపుతావా?"

సరోజినీదేవి ఆ కాగితాన్ని చదివి, ఎగిరిపోకుండా మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ముందు అన్నం తిననీ మావయ్యా. ఆలోచించి చెబుతాను."

పెరుగన్నం అయ్యేదాకా సీతారామారావు గారు కలం పట్టుకుని అక్కడే నిలబడ్డారు.