వంగిన ఇరుసు

అక్క పోయిన ఏడో వారంలో తూనీగ షెడ్డు తాళం తీసింది.

తూనీగ అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు. రేసు మైదానంలో అలా పిలవడం మొదలెట్టారు. నేలకి జానెడెత్తున ఝుమ్మంటూ పోయే ఆ చిన్న రేసు బండి, గో-కార్టులో ఈ సన్నటి పిల్ల కూర్చుంటే అచ్చం అలాగే ఉండేది మరి. బండి తోలడం చెల్లెలి వంతు, కట్టడం అక్క వంతు. అక్కని అందరూ డాక్టరమ్మ అనేవాళ్ళు. స్క్రూడ్రైవర్ మొన బేరింగుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. "దీనికి దగ్గొచ్చింది" అని పక్కన పడేసేది. ఆ మాటకి తిరుగు లేదు.

ఇద్దరికీ తొమ్మిదేళ్ళ తేడా. అమ్మ పోయేనాటికి తూనీగకి ఆరేళ్ళు. జడలేసిందీ, ఎక్కాలు చెప్పిందీ, అవసరమైతే వీపున రెండు వడ్డించిందీ అన్నీ అక్కే. ఆ అక్కతో చివరి పదకొండు రోజులూ తూనీగ మాట్లాడలేదు.

గొడవ ఆఖరి రేసు దగ్గరొచ్చింది. మొదటి వరసలో బయల్దేరిన బండి తొమ్మిదో స్థానానికి జారింది. తిన్నటి దారిలో ఒక్కొక్కళ్ళూ దాటిపోతుంటే తూనీగ పళ్ళు కొరుక్కుంది. దిగీ దిగగానే హెల్మెట్ నేలకేసి కొట్టి, పదిమందీ చూస్తుండగా అరిచింది.

"ఇరుసు తిరగట్లేదక్కా! ఎవరో వెనక నుంచి పట్టుకు లాగుతున్నట్టుంది. నీకు పెళ్ళయ్యాక పని మీద ధ్యాస ఎక్కడుంది?"

అక్క మొహం ఎర్రబడింది. "సరే, విప్పి చూస్తాలే" అని మాత్రం అంది. టైర్లు మార్చే ముసలాయన తల దించుకున్నాడు. తర్వాత అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. తూనీగ తియ్యలేదు. పన్నెండో రోజు పొద్దున బట్టలు మడతపెడుతూ మడతపెడుతూ అక్క పక్కకి ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

ఇప్పుడు షెడ్డులో బండి స్టాండు మీద ఉంది. పనిముట్లన్నీ గోడకి వాటి వాటి మేకులకే వేలాడుతున్నాయి. తూనీగ చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. చివరికి వెనక చక్రాలు విప్పి, ఇరుసుని ఒక్క వేలితో తోసింది. రెండు చుట్లు కూడా తిరక్కుండా నిలబడిపోయింది. అక్క కట్టిన ఇరుసయితే ఒక్క తోపుకి గిర్రున తిరుగుతూనే ఉండేది. ఈలోగా ఒక గ్లాసు నీళ్ళు తాగి రావచ్చని నవ్వేవాళ్ళు.

అక్క చేస్తుంటే ఎన్నోసార్లు చూసింది, చేతులు పెట్టింది మాత్రం లేదు. గుర్తున్నంతవరకూ మొదలెట్టింది. ఇరుసుని మోసే మూడు బేరింగులూ ఊడదీసింది. రబ్బరు మూతలు సూదితో లేపి, లోపల చిక్కబడ్డ గ్రీజంతా పెట్రోలుతో కడిగింది. ఆరనిచ్చి, పల్చటి నూనె మూడేసి చుక్కలు వేసింది. విడిగా తిప్పితే మూడూ వెన్నలా తిరిగాయి. అక్క మాట చెవిలో మోగింది: "బోల్టులు ఒకేసారి బిగించకే. మూడూ ఒకే వరసలో నిలబడాలి. ఒకటి వంకరగా కూర్చుందంటే మిగతా రెండూ దాంతో పోట్లాడుతూనే ఉంటాయి." ఇరుసు దూర్చి, చేత్తో తిప్పుతూ, ఒక్కో బోల్టూ పావు చుట్టు చొప్పున బిగించింది.

అయినా బిగుసుకుంది. ప్రతి చుట్టులోనూ ఒకే చోట, ఎవరో వేలు అడ్డం పెట్టినట్టు.

విప్పింది. మళ్ళీ కట్టింది. నాలుగోసారి కూడా అంతే. అప్పుడు ఆమెకి అర్థమైంది. తప్పు బేరింగులది కాదు.

రేసుకి ముందురోజు ప్రాక్టీసులో బండి గిర్రున తిరిగి, వెనక చక్రం కాంక్రీటు అంచుకి ఫట్‌మని తగిలింది. చూసినవాళ్ళు లేరు. అక్క చీవాట్లు పెడుతుందని ఎవరికీ చెప్పలేదు. బండి నడుస్తోంది కదా, ఏమీ కాలేదనుకుంది. ఆ తర్వాత నిజంగా మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో ఆమెకే తెలియాలి.

ఇరుసు భుజాన వేసుకుని రెండు వీధుల అవతల లేత్ పనిచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన దాన్ని చూసీ చూడగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని మళ్ళీ కొలవక్కర్లేదమ్మా. మీ అక్క తెచ్చినప్పుడే చూశాం. నడిమధ్యన వంగింది."

"అక్క తెచ్చిందా? ఎప్పుడు?"

"రేసయిన మూడో రోజున. గట్టిగా ఎక్కడో కొట్టుకుందన్నాను. 'తెలుసు బాబాయ్, రిమ్ము మీద కాంక్రీటు గీత కూడా చూశా' అంది. మరి చెల్లెల్ని అడగవేమ్మా అన్నా. 'నేనడిగితే దానికి నామోషీ. అదే వచ్చి చెబుతుంది, ఎక్కడికి పోతుంది' అని నవ్వింది. కొత్తది వచ్చేదాకా షెడ్డులో బండి ముక్కలుగా పడుంటే నువ్వు బెంగపడతావని ఇదే మళ్ళీ ఎక్కించింది."

ఆయన లోపలికెళ్ళి, కాగితం చుట్టిన పొడవాటి కొత్త ఇరుసు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. "తను చెప్పి తెప్పించిందే. వచ్చి నెల దాటింది. ఎవరికివ్వాలో తోచక ఉంచాను."

తూనీగ అక్కడే, ఇనప రజను నిండిన గడప మీద కూలబడి, ఆ ఇరుసుని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాయన మిషన్ ఆపేసి పక్కనే నిలబడ్డాడు.

అక్కణ్ణించి తిన్నగా బావ దగ్గరికి వెళ్ళింది. తను నడిపే స్కూలు బస్సు కడుగుతున్నాడాయన. జరిగిందంతా దాచకుండా చెప్పి, "తిట్టు బావా" అంది.

బావ చేతిలో గుడ్డ గట్టిగా పిండి ఆరేశాడు. "తిట్టాలనే ఉంది. నువ్వు ఫోన్ తియ్యకపోతే తను అన్నం సరిగ్గా తినలేదు, తెలుసా? కానీ నిన్ను తిడితే ముందు తనకే కోపమొస్తుంది. పద, ఏం పట్టుకోవాలో చెప్పు."

ఇద్దరూ కలిసి కట్టారు. బావ ఇరుసు తిప్పుతుంటే తూనీగ పావు చుట్టు, పావు చుట్టు బిగించింది. సాయంత్రానికి అది కుదురుకుంది. అక్క కట్టినంత బాగా కాదు. కాస్త ముందే ఆగింది. ఎక్కడ తేడా వచ్చిందో అడగడానికి మనిషి లేదు.

ఆ ఆదివారం రేసులో ఐదో స్థానం వచ్చింది. బండి దిగి, ఆ రోజు తన అరుపులు విన్నవాళ్ళందర్నీ వెతికి వెతికి పట్టుకుంది. టైర్ల ముసలాయన్నీ, జెండా ఊపే అతన్నీ, పక్క బండ్ల మెకానిక్కులనీ. "ఆ రోజు తప్పు అక్కది కాదు. ఇరుసు వంచింది నేను. దాచింది నేను" అని ఒక్కొక్కరికీ చెప్పింది.

"పోనీలేమ్మా, ఇప్పుడెందుకది" అన్నాడు ముసలాయన.

"మీరు అక్కనే తప్పు పట్టుంటారు కదా, అందుకు."

ఆయన చేతిలో టైరు పక్కన పెట్టాడు. "ఆ రోజు నువ్వెళ్ళిపోయాక తను నాతో ఏమందో తెలుసా? 'ఎంత కోపమొచ్చినా మూలమలుపులో బండి వెళ్ళాల్సిన గీత తప్పలేదు, చూశావా' అని మురిసిపోయింది."

తూనీగ హెల్మెట్ మళ్ళీ తలకి తగిలించుకుంది. ఎండ లేదు, రేసూ లేదు. బావ వచ్చి భుజం పట్టుకుని నడిపించుకెళ్ళేదాకా మొహం కనపడకుండా హెల్మెట్ అద్దం కిందికి దించుకుని అక్కడే నిలబడిపోయింది.