పద్నాలుగు ఓట్ల తేడా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. కాలు బెణికి గదిలో మంచానికి అతుక్కుపోయిన తాత, విసుక్కుంటూనే ఆ కాలికి కాపడం పెడుతున్న నానమ్మ, బస్సు డ్యూటీ దిగొచ్చి ముసుగుతన్ని పడుకున్న అత్త, అందరూ గుసగుస అని పిలిచే మనవరాలు. అది గొంతు పెంచితే వాన పడుతుందని నానమ్మ ఎగతాళి.

తాత ముప్పై ఏళ్ళు ఒక పార్టీకి ఏజెంటుగా పనిచేశాడు. రైలు ఆగిపోయే చివరి స్టేషను చుట్టూ పెరిగిన వాళ్ళ నియోజకవర్గాన్ని ఇప్పుడు మూడు ముక్కలు చేసి పక్కవాటిలో కలిపేస్తారట. అభ్యంతరాలకు ఆ సాయంత్రం అయిదింటిదాకే గడువు.

"ముక్కలైతే మూడు చోట్లా మనం తోకలమే. తోక గోడు తలకెక్కుతుందా?" అన్నాడు తాత.

ఆయన చెబుతుంటే గుసగుస గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు రాసింది. ఇటుకబట్టీల యజమాని పోటీ లేకుండా గెలిచిన తొలి ఎన్నిక దగ్గర మొదలుపెట్టి, బట్టీలు పోయి ఇళ్ళు లేచాక రైల్వే కార్మికులు ఆయన్ని ఓడించిన వైనం, ఆ తర్వాత రైలు ముందుకు పొడిగిస్తామంటూ రెండు పార్టీలూ వంతులవారీగా గెలిచి ఒక్క పట్టా కూడా వెయ్యని సంగతి, అన్నీ వచ్చాయి. కింద తాత సంతకం పెట్టాడు.

"రెండు పార్టీల సంతకాలూ ఉంటేనే ఆఫీసువాళ్ళు పట్టించుకుంటారు. ఆ దర్జీ దగ్గరికెళ్ళు."

"ఇరవై ఏళ్ళుగా ఆయన ఎదురైతే రోడ్డు దాటేవాడివి. ఇప్పుడు పసిదాన్ని తోలుతున్నావా?" అంది నానమ్మ.

"నా కాలు బాగుంటే నేనే వెళ్ళేవాణ్ణి."

"అప్పుడు రెండో కాలు నొప్పనేవాడివిలే!"

దర్జీ నాలుగో ఎన్నికలో తాత పార్టీని ఓడించి ఒక్కసారి సభ్యుడయ్యాడు. పదవీకాలం అయిపోగానే మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. గుసగుస తెచ్చిన ఉత్తరాన్ని మెళ్ళో టేపుతోనే చదివాడు.

"బట్టీలాయన గెలిచింది పోటీ లేక కాదమ్మాయ్! పోటీకి దిగినవాడు నామినేషన్ మీద సంతకం మర్చిపోయాడు. ఆ మొద్దు మా మావయ్యే," అని పకపకా నవ్వాడు.

మూడో పేజీలో ఆ నవ్వు ఆగిపోయింది. 'నాలుగో ఎన్నికలో పద్నాలుగు ఓట్ల తేడాతో వచ్చిన ఫలితం నేటికీ అనుమానాస్పదమే.'

"ఈ ముక్క కొట్టెయ్యి. సంతకం పెడతాను."

"తాత... తాత రాయించారండీ."

"మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ మీ తాత బల్లకి ఆనుకునే నుంచున్నాడు. కావాలంటే అడుగు."

అడగక్కర్లేదు. ఉత్తరానికి కావలసిన అంకెలన్నీ తాత పాత నోటుబుక్కులోంచి ఎత్తిరాసింది తనే. ఆయన చేతిరాతలోనే ఉంది, పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు అని. అప్పుడే అడుగుదామనుకుంది కానీ అడక్కుండానే పేజీ తిప్పేసింది.

గడియారంలో నాలుగుంపావు అయింది. ఫోన్ చేస్తే తాత ఏమంటాడో తెలుసు. ఉత్తరం చించి పారెయ్యమంటాడు. గుసగుస పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. దర్జీ సంతకం పెట్టాడు.

అభ్యంతరాలు తీసుకునే ఆఫీసులో గుమాస్తా ఆ గీత మీద వేలు పెట్టాడు. "కొట్టివేత పక్కన రాసినవాళ్ళ పొట్టి సంతకం కావాలి. ఎవరు రాశారిది?"

"నేనే."

"ఏంటీ?"

"నేనే రాశానండీ!"

వరసలో వాళ్ళంతా తిరిగి చూశారు. తను పొట్టి సంతకం పెట్టింది. అయిదుకి పది నిమిషాలుండగా ముద్ర పడింది.

ఇంటికొచ్చి, గది గుమ్మంలో నిలబడి నకలు తాతకి అందించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తిప్పుతూ మూడో పేజీ దగ్గర ఆగాడు.

"ఎవరు కొట్టేశారు?"

"నేను."

"వాడు కొట్టెయ్యమన్నాడా?"

"ఊఁ. కానీ తాతా, నీ నోటుబుక్కులో మూడుసార్లూ పద్నాలుగే ఉంది."

హాల్లో నానమ్మ మడతపెడుతున్న దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"అంకెలు ఎత్తిరాయమన్నది నువ్వేగా," అంది నానమ్మ నెమ్మదిగా.

తాత మంచం దిగాడు. గోడ పట్టుకుని, బెణికిన కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఆసరా కోసం వస్తున్నాడనుకుని గుసగుస చెయ్యి చాపింది. ఆయన ఆ చేతి వంకైనా చూడకుండా తలుపు మూసి గడియ పెట్టుకున్నాడు.