అనుమతి పొందిన ఒడి

టీ విరామంలో ద్రాక్ష ప్యాకింగ్ షెడ్డు వెనక బెంచీ మీద కూర్చుని షెరీ ఫోన్ మాట్లాడి పెట్టేసింది. "మా చిన్నది నిద్ర లేచిందట. ఈ సీజనంతా పక్కింటి అమ్మాయే చూసుకుంటోంది. ఎంతసేపూ ఫోన్లోనే ఉంటుందనుకో, అయినా నాకు నిశ్చింత" అని నవ్వింది.

ఎదురుగా ఉన్న మార్గో ఫిట్చ్ నవ్వలేకపోయింది. పక్కింటి పిల్లను కేకేసి, బిడ్డను అప్పగించి పనికి వచ్చేయగల షెరీని చూస్తే ఆమెకు కడుపులో మంట. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గు కూడా.

మార్గో ఫోస్టర్ తల్లి. నలభై ఏడేళ్ళ ఒంటరి మనిషి. సొంత పిల్లలు లేరు. కన్నతల్లి చికిత్సలో ఉన్న జూనీ అనే నాలుగేళ్ళ పిల్లను పిల్లల సంక్షేమ శాఖ ఐదు నెలల క్రితం ఆమె చేతుల్లో పెట్టింది. అంతకుముందే ఆ పిల్ల మూడు ఇళ్ళు మారింది. శాఖ అప్పగించిన బిడ్డను రోజూ చూసుకునే మనిషి ఎవరైనా సరే పోలీసు విచారణలో నిలవాలి, ఇల్లు చూపించాలి, అనుమతి కార్డు తెచ్చుకోవాలి. ఆ నిబంధన మంచిదే. ఒకసారి దెబ్బతిన్న పిల్ల మళ్ళీ దెబ్బతినకూడదు కదా! అయితే షెడ్డు ఆరింటికి మొదలవుతుంది, డేకేర్ ఏడున్నరకు గాని తెరవరు. ఆ గంటన్నర పిల్ల ఎక్కడుండాలో మాత్రం ఏ నిబంధనా చెప్పదు.

ఆస్ట్రేలియాలోని ఆ ఊళ్ళో, మిల్డూరాలో, పెందలాడే తెరిచే డేకేర్ ఒక్కటే ఉంది. ఫోన్ చేస్తే చోటుందన్నారు. ఫోస్టర్ పిల్ల అనీ, కోపం వస్తే కొరుకుతుందనీ మార్గో నిజం చెప్పింది. సాయంత్రం వాళ్ళే ఫోన్ చేసి, "ఆ చోటు నిండిపోయిందండీ, ఏమీ అనుకోకండి" అన్నారు.

షెరీని కూడా అడిగింది. "నువ్వు దేవతవి మార్గో! నీలా నేను చెయ్యగలనా?" అంది షెరీ.

"నన్ను పొగడొద్దులే. ఈ దరఖాస్తు నింపు. పొద్దున్న గంటన్నర చాలు."

"అమ్మో! పోలీసులూ, కాగితాలూ మా ఆయనకు అస్సలు పడవు."

ఊళ్ళో మార్గోను దేవత అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. దరఖాస్తు అందుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి సూపర్‌వైజర్ పిలిచి, మూడోసారి ఆలస్యమైతే ఇక పనికే రావద్దన్నాడు.

అప్పుడు వచ్చింది లోసా. పదిహేడేళ్ళు ఇదే షెడ్డులో పనిచేసి రిటైరైన టోంగా దీవుల మనిషి. మార్గో ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఎవరి నోటనో విని, సాయంత్రం తనంతట తనే వచ్చి తలుపు తట్టింది.

"ఏదీ, ఆ కాగితం ఇటు ఇయ్యి. కళ్ళజోడు తెచ్చుకున్నా" అంది.

పన్నెండు వారాలు పట్టింది. అన్నాళ్ళూ మార్గో సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని, జీతం కోత పడినా ఎనిమిదింటికి పనికి వెళ్ళింది. పోలీసు విచారణ అయింది. ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళి ప్లాస్టిక్ బొమ్మ గుండె నొక్కింది. ఇంటికొచ్చిన అధికారి మందుల బీరువాకు తాళం లేదంటే ఆ రోజే తాళం బిగించింది. ఎప్పుడో పోయిన భర్త మీద పడిన పాత కేసు గురించి అడిగితే, తలవంచుకుని అదీ చెప్పింది. చివరికి అనుమతి వచ్చింది. మార్గో ఆమెను కావలించుకుని ఏడ్చింది.

లోసా పొద్దున్న పిల్లను చూసుకుని డేకేర్‌లో దింపేది, మధ్యాహ్నం మళ్ళీ తన ఇంటికి తెచ్చుకునేది. మార్గో కృతజ్ఞత నెలన్నర నిలిచింది.

మార్గో ఇంట్లో జూనీ రొట్టె అంచులు తీసేసి మధ్య ముక్క మాత్రం తినేది. లోసా ఇంట్లో కొబ్బరిపాలలో ఉడికిన చేమదుంపలు గిన్నె నిండా తింటోందట. ఇక్కడ మంచం మీద అటూ ఇటూ దొర్లే పిల్ల, అక్కడ చాప మీద పడుకున్న ఐదు నిమిషాలకే గురక పెడుతుందట. లోసా మురిసిపోతూ చెప్పే ఒక్కో మాటా మార్గోకు ఒక్కో సూదిలా దిగేది. పైగా జూనీ ఆమెను 'కుయి' అని పిలవసాగింది. టోంగా భాషలో అమ్మమ్మ అని. మార్గోను మాత్రం ఉత్త మార్గో అనే పిలిచేది.

ఒక మధ్యాహ్నం తీసుకెళ్ళడానికి వెళితే, జూనీ లోసా పావడా వెనక దాక్కుని, "నువ్వెళ్ళు మార్గో. నేను ఇక్కడే ఉంటా" అంది.

లోసా పకపకా నవ్వింది. "చూశావా దొంగపిల్లని! నిన్ను పొమ్మంటోంది!"

మార్గో కూడా నవ్వినట్టు ముఖం పెట్టింది. పిల్లను బతిమాలి కారెక్కించుకున్నాక దారంతా స్టీరింగ్‌ను పిడికిళ్ళతో నొక్కుతూనే ఉంది. పీడకలలకు లేచి కూర్చున్నది తను, కొరికించుకున్నది తను, ముద్దు మాత్రం ఆవిడకా! ఆలోచన అలా మొదలైతే ఇక ఆగుతుందా?

ఆ వారమే శాఖ తరఫు కేస్ వర్కర్ ఫిలిపా నెలవారీ పరిశీలనకు వచ్చింది. "లోసా గారి దగ్గర అంతా బాగుందా?" అని అడిగింది.

"బాగానే ఉంది గానీ..." మార్గో కాఫీ కలుపుతూ అంది. "పొద్దున్నే చర్చివాళ్ళు వచ్చిపోతుంటారు. ఎవరెవరో నాకైతే తెలీదు."

జరిగింది ఇంతే. ఎవరో పోతే ఆ ఇంటి భోజనాలకు వంటపాత్రలు అడగడానికి ఇద్దరు ముసలమ్మలు ఒక్కరోజు వచ్చి, గడప బయటే నిలబడి తీసుకెళ్ళారు. మార్గో ఆ సంగతిని కాస్త సాగదీసింది, అంతే. ఫిలిపా పెన్ను తీసింది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది: విచారణ ముగిసేదాకా పిల్లను లోసా ఇంటికి పంపరాదు.

మార్గో సెలవు పెట్టింది. కోరుకున్నది దొరికింది. ఇప్పుడు జూనీ పూర్తిగా తన పిల్లే.

మొదటి రోజు జూనీ ఉదయం ఐదున్నరకే బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు రొట్టె మధ్య ముక్క కూడా ముట్టలేదు. నాలుగో రోజు బూట్లు తనే విప్పేసి, తన నాలుగు గౌన్లూ ప్లాస్టిక్ సంచిలో కుక్కుతూ మెల్లగా అడిగింది.

"కుయి కూడా నన్ను తిరిగిచ్చేసిందా?"

"లేదు జూనీ! ఎవరన్నారు?"

"ఈసారి నేను ఎవర్నీ కొరకలేదుగా." తల ఎత్తకుండానే అంది. "ఇప్పుడు నువ్వు ఇచ్చేస్తావా?"

మార్గో ఆ సంచిలోంచి గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. తను లోసాను గెలుద్దామనుకుంది. కానీ ఓడింది ఈ పిల్ల. నాలుగేళ్ళ జీవితంలో అది నమ్మిన ఒక్క తలుపును మార్గో తన చేత్తో తనే మూయించింది.

ఆ మధ్యాహ్నం జూనీ డేకేర్‌లో ఉండగా మార్గో లోసా గుమ్మం ఎక్కింది. ఉన్నదున్నట్టు చెప్పింది. లోసా ముఖం గట్టిబడింది.

"ఎవరో గిట్టనివాళ్ళు చెప్పారనుకున్నా. నువ్వా?"

"నేనే. ఓర్వలేకపోయాను."

"నా ఇంట్లో చెంచాలు కూడా లెక్కపెట్టారు మార్గో. పోయిన మొగుడి సిగ్గు కూడా వాళ్ళ ముందు పరిచాను. ఎవరి కోసం? పిల్లని నీ దగ్గర్నుంచి లాక్కుని నేనెక్కడికి పోతాననుకున్నావు?"

"మళ్ళీ చూసుకుంటావా?"

"ఇప్పుడు అడక్కు. ఇంటికి పో."

మార్గో ఇంటికి పోలేదు. తిన్నగా శాఖ కార్యాలయానికి వెళ్ళి ఫిలిపా ముందు కూర్చుంది. "నేను పెంచి చెప్పాను. అసూయతో చెప్పాను. అలాగే రాసుకోండి" అంది. ఫిలిపా దస్త్రం తెరిచి రాసుకుంది.

"ఇది మీ దస్త్రంలో ఉంటుంది. మీ అనుమతినీ మళ్ళీ పరిశీలిస్తారు."

"తెలుసండీ."

పరిశీలన మూడు వారాలు సాగింది, అన్నాళ్ళూ మార్గో సెలవులోనే ఉంది. మార్గోకు గట్టి మందలింపు అందింది. శిక్షణకు మళ్ళీ వెళ్ళమన్నారు. పిల్లను మాత్రం ఆమె దగ్గరే ఉంచారు. లోసా మీద మచ్చ తీసేశారు. ఆ సాయంత్రం లోసా ఫోన్ చేసి, "సోమవారం తీసుకురా. నీ కోసం కాదు" అని పెట్టేసింది.

సోమవారం ఉదయం లోసా తలుపు తీసేసరికి జూనీ పరుగెత్తలేదు. మార్గో కోటు పట్టుకుని వెనకే నిలబడిపోయింది. "మళ్ళీ పంపించేస్తావా?" అని లోసాను అడిగింది.

లోసా మార్గో వైపు చూసింది. మార్గో మోకాళ్ళ మీద కూర్చుంది.

"కుయి నిన్ను పంపలేదు జూనీ. నేనే రానివ్వలేదు. నీ తప్పు ఏమీ లేదు. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది."

"ఎందుకు?"

"నీకు కుయి అంటే ఇష్టమని."

జూనీ లోసా చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మార్గో కోటు లాగింది. "అయితే నువ్వూ రా."

షెడ్డుకు ఇంకా పావుగంట టైముంది. మార్గో లోపలికి వెళ్ళి చాప అంచున కూర్చుంది. లోసా గిన్నెలో చేమదుంపలు వడ్డించి ఆమె ముందుకు తోసింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, గొంతులో తెలుస్తూనే ఉంది.

"నువ్వు పిల్లని పెంచుతున్నావు, నేను పిల్లని చూస్తున్నాను. రేపు వాళ్ళమ్మ కోలుకుని వస్తే మనిద్దరమూ ఇచ్చేయాల్సినవాళ్ళమే. ఈలోగా దాని ప్రేమలో నా వాటా ఎంత, నీ వాటా ఎంత అని తూచుకుంటే, ఎండిపోయేది ఆ పిల్లే మార్గో! ఇల్లు పోగొట్టుకున్న బిడ్డకి ఒక్క ఒడి చాలదు. అడ్డమైన కాగితాలన్నీ నింపి తలుపు తీసేవాళ్ళు ఊరికి పదిమంది కావాలి, ఆ తలుపు తీసినవాళ్ళని చూసి పెంచేవాళ్ళు సంతోషించాలి."